పగలగొట్టని గోడలు

ఏప్రిల్ 7

ట్రైనింగ్ సెంటర్‌కు వచ్చేశాను. ఉరవకొండ దాటాక కొండల మీద గాలిమరలు, కింద నల్లరేగడి చేలు. ఆ చేల మధ్య ఒక రేకుల షెడ్డు, ఆఫీసు గది, ఒక బోరు. అంతే. మేసన్ ట్రేడ్, ఆరు నెలలు. అప్రెంటిస్ అని ఐడీ కార్డు ఇచ్చారు. ఫొటోలో దొంగలా ఉన్నాను.

ఆడపిల్లలకు హాస్టల్ లేదు. సిమెంటు స్టోర్ పక్క గదిలో చాపలు వేసుకున్నాం. నా పక్క చాప అంజలిది. చిలమత్తూరు అమ్మాయి. నోరు పెద్దది. నాకు నచ్చింది.

ఇంటర్ సెలవుల్లో అమ్మతో ఇళ్ళ పనికి పోయి ఇటుకలు మోసేదాన్ని. తాపీ మాత్రం ఎప్పుడూ మగవాళ్ళ చేతిలోనే ఉండేది. ఒకసారి మేస్త్రీ అన్నానికి పోయినప్పుడు పట్టుకుని చూస్తే అరిచాడు. అప్పటినుంచి అదొక పంతం. ప్రతాప్ సార్ ముదిగుబ్బలో మా ఇంటికి వచ్చి, చాప మీద కూర్చుని, టీ తాగి, నాయనను ఒప్పించకపోయుంటే ఈ పంతం అట్లాగే ఉండిపోయేది. సార్ ఈ సెంటర్‌కు ఇన్‌ఛార్జ్. నాయన ఊరూరా తిరిగి పరుపులు కుట్టే మనిషి. చేతిలో పనుంటే యాడైనా బతుకుతావు పొమ్మా, అన్నాడు. అమ్మ మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు.

ఈ రోజు నా చేతికి తాపీ ఇచ్చారు. కొత్తది. దిండు కింద పెట్టుకున్నాను.

ఏప్రిల్ 9

మాకు నేర్పేది గంగప్ప మేస్త్రీ. మనిషి మొహం చూడడు, చేతులు చూస్తాడు. నా చేతులు చూసి, ఇటుకలు మోసినావా అని అడిగాడు. మోశానన్నాను. అయితే మోసింది మర్చిపో, కట్టేది వేరే పని, అన్నాడు.

తూర్పు కంచె పొడవునా పలచగా కాంక్రీటు పోసిన పట్టీ ఉంది. దాని మీద తలా ఒక ముక్క గోడ కట్టాలి. మట్టి మాలుతోనే, సిమెంటు లేకుండా. సాయంత్రం మేస్త్రీ తూకం గుండు వేలాడదీసి ఒక్కో గోడా చూశాడు. నాది మధ్యలో కడుపుతో ఉన్నట్టుంది. నవ్వాడు. తర్వాత ఎవరి గోడను వాళ్ళే కాళ్ళతో తన్ని పడగొట్టమన్నాడు.

అంజలి ఏడ్చింది. దినమంతా కట్టింది తన్నమంటే ఎట్ల సార్, అని. మేస్త్రీ చెప్పింది ఇదీ: "ఇది గోడ కాదు పాపా. మీ చేతుల కసరత్తు. మనిషి దీని కింద పండుకోడు. అందుకే పడగొట్టేది."

ఇటుకలు గీకి మళ్ళీ పేర్చాం. రేపు మళ్ళీ అవే.

ఏప్రిల్ 26

బోరు ఎండిపోయింది. రోజు మార్చి రోజు ట్యాంకర్ వస్తుంది. ఆ నీళ్ళు స్నానానికా, మాలుకా, ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఈ వారం నుంచి సిమెంటు మాలు. ఎట్లాగూ పడగొట్టేదే కదా అని ఇసుక ఎక్కువ, సిమెంటు పేరుకే. కట్టిన గోడ మీద నీళ్ళు చల్లుతూ ఉండాలట, లేకపోతే సిమెంటు పట్టదట. ఆ సంగతి బోర్డు మీద రాసి నేర్పారు. చల్లడానికి నీళ్ళు లేవు. మేస్త్రీ నిన్నటి గోడ దగ్గరికి పిలిచి ఇటుకల మధ్య గోటితో గీకాడు. పిండి రాలింది. "ఇట్ల రాలితే ఏమని అర్థం?" అన్నాడు. నేనూ గీకి చూశాను.

ఎండ ఘోరం. గాలిమరలు కూడా తిరగడం లేదు.

మే 6

ఈ రోజు గోడలు పడగొట్టలేదు.

సాయంత్రం మేము కాళ్ళు ఎత్తే సమయానికి ప్రతాప్ సార్ ఎవరినో కారులో తీసుకొచ్చాడు. తూర్పు వరస పొడవునా నడుచుకుంటూ పోయారు. వచ్చినాయన ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు. సార్ మేస్త్రీని పక్కకు పిలిచి మాట్లాడాడు. మేస్త్రీ చెయ్యి అడ్డంగా ఊపడం మాత్రం కనబడింది. తర్వాత ఊపడం మానేశాడు.

మేస్త్రీ మా దగ్గరికి వచ్చి, గోడలు ఉండనీండి, అన్నాడు.  ఆయన తాపీ మాలులోనే గుచ్చి మర్చిపోయాడు. పొద్దునకు గట్టిపడి ఉంటుంది. ఆయన తాపీ కడక్కుండా పోవడం నేను చూడలేదు.

మే 7

ఈ రోజు కూడా పడగొట్టలేదు.

మే 19

ఇప్పుడు తెలిసింది. మా తూర్పు వరస ఆడపిల్లల హాస్టల్ అవుతుందట. కొత్త బ్యాచ్ శాంక్షన్ కావాలంటే హాస్టల్ బిల్డింగ్ చూపించాలట. విడిగా కట్టే టైమ్ లేదు. ఉన్న గోడలనే పైకి లేపి, మధ్యలో సందులు పూడ్చి, మిగతా మూడు వైపులా కట్టి, స్లాబ్ వేసేస్తారు. మన పిల్లలే కట్టుకున్న హాస్టల్ అంటే ఎంత బాగుంటుంది, అన్నాడు సార్. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత మేస్త్రీని అడిగాను. మరి పునాది? మా వరస కింద ఉన్నది పలచటి కాంక్రీటు పట్టీ. దాని కింద నల్లరేగడి. ఎండితే బీటలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఈ మాటలు ఆయన క్లాసులో చెప్పినవే.

ఆయన నా మొహం చూశాడు. మొదటిసారి.

"నాకు చెప్పాకు పాపా. చెప్పాల్సినోళ్ళకు నేను చెప్పినా. ఇంగ నా చేతిలో లేదు."

మరి మీరు కట్టించడం దేనికి, అని నోటిదాకా వచ్చింది. ఆయన చొక్కా భుజం దగ్గర చినిగి ఉంది. అడగలేకపోయాను.

జూన్ 12

స్లాబ్ పోశాం. పొద్దున మొదలుపెట్టి ఎండ దిగేదాకా. వరసగా నిలబడి కాంక్రీటు బొచ్చెలు అందించుకున్నాం. అంజలి పాట ఎత్తుకుంది. సార్ అందరికీ మజ్జిగ తెప్పించాడు. పైకెక్కి నిలబడితే ఉరవకొండ దాకా కనబడింది.

నాకు సంతోషంగా ఉంది. అది కూడా రాయాలి. తలమీద ఇటుకలు మోసిన దాన్ని, ఒక ఇంటికి కప్పు వేశాను. ఫొటో షీరీన్‌కు పంపాను. అక్కా నేను కూడా వస్తా, అని వెంటనే మెసేజ్. చెల్లెలు ఇంటర్ పాసై ఇంట్లో కూర్చుని ఉంది. నేను చేసే పని ఆమెకు సినిమాలా ఉంది.

మేస్త్రీ మజ్జిగ తాగలేదు.

జూలై 2

గోడలకు సిమెంటు పూత పని అయిపోయింది. నా కడుపు గోడ ఇప్పుడు ఎవరికీ కనబడదు. మధ్యలో పలచగా, పైనా కిందా మందంగా పూసి సరిచేశాం. చేత్తో తడిమితే నున్నగా ఉంది. తూకం గుండు వేసినా సరిగానే ఉంటుంది. పై తొక్కకు.

రంగు లేత గులాబి. సార్ సెలెక్షన్.

జూలై 15

హాస్టల్‌లోకి మారాం. పొడుగాటి హాలు, ఇనుప మంచాలు, ఫ్యాన్లు, తూర్పున రెండు కిటికీలు. పైన రెండు పెద్ద ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు. సిమెంటు వాసన లేకుండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

జూలై 20

ఆదివారం. అందరూ బట్టలు ఉతుక్కోవడానికి పోయారు. నేను మంచం మీద పడుకుని ఉన్నాను. గోడలో శబ్దం వినబడింది. ఎలుక అనుకున్నాను. చెవి ఆనించాను. ఇసుక రాలుతోంది. పూత వెనకాల, పైనుంచి కిందికి. ఆగింది. మళ్ళీ రాలింది.

అంజలికి చెప్పాను. తనూ చెవి పెట్టింది. అప్పుడు వినబడలేదు. "నీకేం పట్టింది మే," అని నవ్వి, మంచం మాత్రం గోడ నుంచి కొంచెం ముందుకు జరుపుకుంది.

జూలై 28

తలుపు పట్టుకుంది. తెరుచుకోవడం లేదు. వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి పోయాడు. చెక్క ఉబ్బిందన్నాడు. ఈ ఎండలో చెక్క ఎట్లా ఉబ్బుతుంది?

ఆగస్టు 3

తూర్పు కిటికీ మూల నుంచి పగులు. మెట్లు మెట్లుగా కిందికి దిగుతోంది. పూత పగిలితే వెంట్రుకలా ఎటుపడితే అటు పోతుంది. మెట్లలా పోతే ఇటుకల సందుల్లోంచి వస్తోందని అర్థం. పైగా అది నా గోడా అంజలి గోడా కలిసే చోటు. ఆ రెంటికీ పట్టు లేదు. విడివిడిగా కట్టి పక్కపక్కన ఆపేసినవి.

మేస్త్రీని పిలుచుకొచ్చాను. చాలాసేపు చూశాడు. జేబులోంచి అద్దం పెంకు తీశాడు. ముందే తెచ్చుకున్నాడు. పగులుకు అడ్డంగా అద్దం పెట్టి రెండు చివరలా సిమెంటు ముద్ద అంటించాడు. గోడ కదలకుంటే అద్దం అట్లే ఉంటుంది. కదిలితే విరుగుతుంది. "దినమ్మూ చూస్తా ఉండు," అన్నాడు.

ఆగస్టు 9

అద్దం విరిగింది.

ఆగస్టు 10

సార్ దగ్గరికి పోయాను. అంజలి కూడా వచ్చింది. విరిగిన అద్దం ముక్కలు బల్ల మీద పెట్టాను.

సార్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. కూర్చోమన్నాడు. ఈ సెంటర్ కోసం ఎన్ని ఊర్లు తిరిగాడో చెప్పాడు. ఆడపిల్ల తాపీ పడుతుందా అని ఎంతమంది నవ్వారో చెప్పాడు. అవన్నీ నిజమే. మా ఇంటికి వచ్చినప్పుడు నేను చూశాను కదా.

"ఈ టైమ్‌లో హాస్టల్ బాగలేదని బయటికి పొక్కిందంటే సెంటర్ మూసేస్తారు ఫరీన్. నీ మాదిరి పిల్లలు మళ్ళా ఇటుకలు మోయాల్సిందే. అదేనా నీకు కావాల్సింది?"

కాదన్నాను.

సాయంత్రం ఒక ఇంజనీరును పిలిపించాడు. సార్‌కు తెలిసినాయన. కారు దిగి, పగులు మీద వేలితో కొట్టి, కొత్త బిల్డింగులకు ఇవి మామూలే అన్నాడు. నేను పునాది సంగతి చెప్పబోతే, మీరేం చదివారమ్మా అన్నాడు. పూతతో పగులు మూసేశారు. గులాబి రంగు కలవలేదు. కొత్త చోట ముదురుగా ఉంది.

పోయే ముందు సార్ ఇంకో మాట చెప్పాడు. మా బ్యాచ్ అయిపోగానే నన్ను అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్‌గా తీసుకుంటారట. జిల్లాలో ఆడ మేసన్ ఇన్‌స్ట్రక్టర్ ఇంకెవరూ లేరట.

నాకు ఆ పని కావాలి. చాలా కావాలి.

ఆగస్టు 22

షీరీన్ పేరు కొత్త బ్యాచ్‌లో వచ్చింది. ఫోన్ చేసి ఎగిరింది. రావద్దన్నాను. ఎందుకంది. గోడ సంగతి చెప్పాను.  పేలింది.

"నువ్వు పోయి నేర్చుకుంటివి. నేనొస్తానంటే గోడ పగిలిందంటావా? మరి నువ్వు యాడ పండుకుంటాండావు? ఆ గోడ కిందనే కదా!"

 ఆ గోడ కిందనే పడుకుంటున్నాను.

నాయన ఫోన్ తీసుకుని, చెల్లెలిని చూసుకో ఫరీనూ, అన్నాడు.

సెప్టెంబర్ 8

కొత్త బ్యాచ్ దిగింది. షీరీన్ రేకు పెట్టె పట్టుకుని లోపలికి పరిగెత్తి, తూర్పు కిటికీ కింది మంచం ఎంచుకుంది. పడుకుంటే గాలిమరలు కనబడతాయట. మార్చుకోమన్నాను. వినలేదు. నా మంచం దాని పక్కకు జరుపుకున్నాను.

సెప్టెంబర్ 17

తలుపు మళ్ళీ పట్టుకుంది. ఈసారి వడ్రంగిని పిలవలేదు. తలుపు తీసే ఉంచుతున్నాం.

సెప్టెంబర్ 20

వాన.

ఇట్లాంటి వాన చూసి ఎన్నేళ్ళయిందో. చేలల్లో మనుషులు తడుస్తూ నిలబడి నవ్వుతున్నారు. శనక్కాయకు ప్రాణం వచ్చిందని అందరూ ఒకటే మాట. సార్ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. కొత్త పిల్లలు వానలో గంతులేశారు. షీరీన్ జడ విప్పేసి తడిసింది.

నేను బిల్డింగ్ వెనక్కి పోయి చూశాను. నల్లరేగడి అన్నం ఉడికినట్టు ఉబ్బి ఉంది. గోడ పక్కన కాలు పెడితే చెప్పు ఊడిపోయింది.

సెప్టెంబర్ 22

వాన ఆగలేదు. పగులు పూతను చీల్చుకుని బయటికి వచ్చింది. వేలు పడుతుంది. అవతల వెలుతురు కనబడుతోంది.

సెప్టెంబర్ 23

పొద్దున అందరూ టిఫిన్‌కు పోయినప్పుడు నేనూ అంజలీ మంచాలు లాగడం మొదలుపెట్టాం. ఒక్కోటీ బయటికి, వానలో, షెడ్డులోకి. పెట్టెలు, పరుపులు, బకెట్లు, అన్నీ. పిల్లలు తిరిగొచ్చి గోల చేశారు. బట్టలు తడిసిపోయాయని ఒకమ్మాయి నన్ను నెట్టింది. నెట్టనీ.

సార్ వచ్చాడు. గొడుగు కూడా లేదు. ఎవరు చెప్తే చేశావని అరిచాడు. ఎవరూ చెప్పలేదన్నాను. అన్నీ వెనక్కి పెట్టమన్నాడు. పెట్టనన్నాను.  

గంగప్ప మేస్త్రీ షెడ్డు చివర నిలబడి ఉన్నాడు. అక్కడినుంచే మాట్లాడాడు. గట్టిగా కాదు.

"ఆ గోడ నిలబడదు సార్. కట్టించింది నేనే. నేనే చెప్తాండా. మీరు ఉండనీమంటే ఊ అంటిని. తప్పు చేసినా."

 రేకుల మీద వాన పడుతూనే ఉంది.

సార్ మొహం తెల్లబోయింది. తర్వాత మేస్త్రీని రేపటినుంచి రావద్దన్నాడు. నన్ను సర్టిఫికెట్ మర్చిపొమ్మన్నాడు. మిగతావాళ్ళకు, హాస్టల్‌కు ఏమీ కాదు, ఇష్టమున్నవాళ్ళు లోపలే ఉండొచ్చని చెప్పి పోయాడు.

సగంమంది షెడ్డులో ఉండిపోయారు. సగంమంది మంచాలు వెనక్కి లాక్కుపోయారు. వాళ్ళలో షీరీన్ ఉంది. చెయ్యి పట్టుకుంటే విదిలించింది. "అందరి ముందర నా పరువు తీసినావు. నీ సర్టిఫికెట్ పోగొట్టుకుంటివి, నాది కూడా పోగొట్టాకు," అంది.

ఎత్తుకుని తీసుకురావాల్సింది.

సెప్టెంబర్ 24

గంగప్ప మేస్త్రీ చనిపోయారు.

సెప్టెంబర్ 29. ముదిగుబ్బ

ఇప్పుడు రాయగలను అనుకుంటున్నాను.

ఆ రోజు పొద్దున వాన ఆగి ఎండ వచ్చింది. గట్టి ఎండ. ఇంకేం భయం లేదని అందరూ క్లాసుకు పోయారు. షీరీన్ పోలేదు. నా మొహం చూడడం ఇష్టం లేక తలనొప్పి అని చెప్పి లోపల పడుకుంది.

మధ్యాహ్నానికి మేస్త్రీ వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు. ముందురోజు ఊరికే పోలేదట. ఆటోలో పొడుగాటి సర్వీ కట్టెలు వేసుకొచ్చాడు, స్లాబ్ దిగకుండా కింద పోట్లు పెట్టడానికి. ఒక కట్టె భుజాన వేసుకుని వస్తుంటే నేను ఎదురుపోయాను. నేనూ పడతానన్నాను.

"నువ్వు బయటుండు. ఎవర్నీ లోపలికి రానియ్యాకు," అన్నాడు.

షీరీన్ లోపల ఉందని చెప్పాను. నేను పిలిస్తే రాదని కూడా చెప్పాను. సరేలే, అన్నాడు.

లోపల జరిగింది షీరీన్ చెప్పింది. ఆయన ఆమెను బయటికి పొమ్మనలేదు. గోడ పడుతుందనలేదు. తిట్టలేదు. కట్టె నిలబెట్టి స్లాబ్‌కు ఆనించి, కింద కొంచెం సందు ఉందని చూపించాడు. పాపా, షెడ్డులో చెక్కముక్క ఉంటాది, వేలంత మందందే చూసి తే, అన్నాడు. పని నేర్చుకుంటావు కదా, సరిగ్గా చూసి తేవల్ల, అన్నాడు. షీరీన్‌కు అది నచ్చింది. ఎవరో ఆమెకు ఒక పని చెప్పారు. లేచి పరిగెత్తింది.

నా పక్కనుంచే పోయింది. నన్ను చూడకుండా. షెడ్డులో చెక్కముక్కలు వెతుకుతోంది. ఒకటి తీసి మందం చూసి పారేసింది. ఇంకోటి తీసింది.

ముందు కిటికీ అద్దాలు పగిలాయి. రెండూ ఒకేసారి. తర్వాత తూర్పు గోడ బయటికి వంగింది. మధ్యలో నుంచి. ఎక్కడ వంగుతుందో నాకు తెలుసు. స్లాబ్ ఒకవైపు దిగింది. ట్యాంకుల్లో నీళ్ళు ఒక్కసారిగా వచ్చి మా కాళ్ళ మీదుగా పోయాయి. ఆ తర్వాత దుమ్ము. అంత వాన పడ్డాక కూడా లోపల అంత దుమ్ము ఎక్కడిదో.

లోపలున్న మేస్త్రీ కోసం అందరం చేతులతో ఇటుకలు తీశాం. ఇటుకలకు మాలు అంటుకునే లేదు. ఒక్కోటీ శుభ్రంగా, కొత్తదానిలా వచ్చేసింది.

షీరీన్ చేతిలోని చెక్కముక్క వదల్లేదు. ఊరికి వచ్చాక అమ్మ వేళ్ళు విప్పి తీసింది. అమ్మ ఇద్దరికీ అన్నం కలిపి పెడుతోంది, చిన్నపిల్లలకు పెట్టినట్టు.

అక్టోబర్ 4

షీరీన్ ఈ రోజు మళ్ళీ ఆ సంగతి ఎత్తింది. ఆయనకు ఆ చెక్క నిజంగా కావాల్సిందా అక్కా, అని అడిగింది. తెలియదన్నాను.

తెలుసు.

అక్టోబర్ 11

ప్రతాప్ సార్ ఇంటికి వచ్చాడు. అప్పట్లా చాప మీదే కూర్చున్నాడు. గడ్డం పెరిగి ఉంది. అమ్మ టీ ఇవ్వలేదు.

ఎంక్వైరీ ఉందట. అందరూ వాన వల్లే పడిందని చెప్తున్నారట. నేను కూడా అదే చెప్తే సరిపోతుందన్నాడు.

"నువ్వు వేరేగా చెప్తే ఏమైతాది ఫరీన్? కట్టించింది గంగప్ప కదా. అందరి ముందర ఆయనే ఒప్పుకున్నాడు. చచ్చిపోయినోని మీద పడతాది అంతా. ఆయన పెండ్లాం నల్లమ్మకు వచ్చే పరిహారం కూడా రాదు. అది నీకు ఇష్టమేనా?"

ఏడ్చాడు కూడా. నటన కాదు అది. ఆయనకు రాత్రుళ్ళు నిద్ర లేదని మొహం చూస్తే తెలుస్తోంది. దానికే నాకు భయం వేసింది. ఏడుస్తూనే లెక్కగా మాట్లాడుతున్నాడు.

నాయన అంతా విని, సార్, నా బిడ్డలిద్దరూ ఆ గోడ కింద పండుకున్నారు, లెయ్యండి, అన్నాడు.

అక్టోబర్ 14

అంజలి వచ్చింది. ఇద్దరం నల్లమ్మ దగ్గరికి పోయాం. ఉరవకొండ అవతల చిన్న పల్లె. ఇల్లు రాతికట్టు. మేస్త్రీ సొంతంగా కట్టుకున్నదట. ఒక్క సందు కూడా వంకర లేదు.

సార్ చెప్పిందంతా ఆమెకు చెప్పాను, దాచకుండా. నిజం చెప్తే ఆయన పేరు కూడా వస్తుందని. చెప్పకపోతే రాదని. మీరు ఏమంటే అది చేస్తానన్నాను.

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే వింది.

"అన్నం ముందర కూచోని ఆ గోడ గురించే చెప్తాండె," అంది. "పూత పూసిన దినం నుంచి సరిగ్గా తినలేదు. చెప్పుపోమ్మే. ఆయప్పది కూడా చెప్పు. సగం చెప్పి రాకుండా పూర్తిగా చెప్పు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పాల్సినవన్నీ వరసగా రాసుకున్నాం. 

అక్టోబర్ 17

ఎంక్వైరీలో అంతా చెప్పాం. నేను, అంజలి, షీరీన్. పునాది, మాలు, నీళ్ళు లేకపోవడం, పడగొట్టాల్సిన గోడలు ఆగిన రోజు, అద్దం, ఇంజనీరు. మేస్త్రీ ఊ అన్నదీ, తర్వాత అందరి ముందర చెప్పిందీ, కట్టెలు తెచ్చిందీ. ఆఫీసర్ మధ్యలో ఫోన్ రెండుసార్లు ఎత్తాడు. షీరీన్ మాట్లాడేటప్పుడు మాత్రం ఎత్తలేదు.

నవంబర్ 2

సార్‌ను సస్పెండ్ చేశారు. సెంటర్ మూసేశారు. పేపర్‌లో వచ్చింది. మేస్త్రీ గురించి ఒకే ఒక వాక్యం రాశారు, నాసిరకంగా కట్టించిన మేస్త్రీ అని. కట్టెలు భుజాన మోసుకొచ్చిన సంగతి రాయలేదు.

నల్లమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

కొత్త బ్యాచ్‌లో ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. మా నాయన నన్ను కల్లూరులో కూలి పనికి పంపుతున్నాడు, అంతా నీ వల్లే, అని.

నవంబర్ 19

అనంతపురంలో పని దొరికింది. ఒక టీచర్ గారి ఇల్లు. నేను గోడ కడుతుంటే ఆయన వచ్చి వచ్చి చూసి పోతాడు. ఆడది కడుతోందని. చూడనీ. షీరీన్ నాకు ఇటుకలు అందిస్తోంది. నిన్నటినుంచి దానికి కూడా తాపీ ఇచ్చాను. పొద్దున, సాయంత్రం గోడకు నీళ్ళు కొట్టే పని దానిదే. చెప్పకముందే కొడుతుంది. చీకటి పడినా ఆపదు. చాలు అంటే కూడా ఆపదు.

డిసెంబర్ 6

ఫోన్ వచ్చింది. చిలమత్తూరు దగ్గర కొత్త సెంటర్ పెట్టారట, వేరే పేరుతో. గొంతు తెలియనిది, మర్యాదగా ఉంది. ఆడ మేసన్ ఇన్‌స్ట్రక్టర్ కావాలట. నా పేరు ఎవరో చెప్పారట. వచ్చే వారం పిల్లలు దిగుతారు, హాస్టల్ రెడీగా ఉండాది మేడమ్, పూత పని ఒక్కటే మిగిలింది, అన్నాడు.

గోడలు ఎవరు కట్టారని అడిగాను.

పిల్లలే, అన్నాడు. ట్రైనింగ్‌లో.

పూత పడకముందే ఆ గోడలు చూడాలి. పొద్దున మొదటి బస్సుకు నేనూ షీరీనూ పోతున్నాం.